వార్‌క్రాఫ్ట్ క్లాసిక్‌లో క్లాసును ఎంచుకోవడం ఎలా?

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆట 2004 నవంబరులో విడుదలైంది. తొలినాళ్ళ ఆటను దాదాపు అదే రూపంలో, క్లాసిక్ అనే పేరుతో, బ్లిజార్డ్ సంస్థ 2019 ఆగస్టులో మళ్ళీ తెరిచింది. 60వ లెవెల్‌తో ముగిసే ఆ క్లాసిక్‌లోకి మొదటిసారి అడుగుపెట్టేవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. ఇప్పటి కొత్త వెర్షన్‌లో 13 క్లాసులు (పాత్ర పోరాడే తీరును నిర్ణయించే వర్గాలు) ఉన్నాయి, లెవెళ్ళు చకచకా పెరుగుతాయి, అందువల్ల అక్కడ ఎంపిక కుదరకపోయినా పోయేది కొద్ది గంటలే. క్లాసిక్ సంగతి వేరు. ఇక్కడ వారియర్, పాలడిన్, హంటర్, రోగ్, ప్రీస్ట్, షామన్, మేజ్, వార్లాక్, డ్రూయిడ్ అని తొమ్మిది క్లాసులున్నాయి. ఒకసారి ఎంచుకున్నాక ఆ పాత్రకు క్లాసు మార్చే వీలు లేదు. నచ్చకపోతే మరో పాత్రను ఒకటో లెవెల్ నుంచి పెంచుకోవలసిందే. కొత్తవారు 60కి చేరడానికి వంద గంటలకు పైగానే పడుతుంది కనుక, ముందే కొంత ఆలోచించడం వృథా కాదు.

ఏ క్లాసు ఎంత డ్యామేజ్ చేస్తుందో చూపే పట్టికలు ఎక్కడ చూసినా దొరుకుతాయి. అవి చెప్పేది నిజమే గాని, 60వ లెవెల్‌కు చేరాక, 40 మంది కలిసి చేసే రెయిడ్‌లో, మంచి ఆయుధాలు సమకూరిన తరువాతి లెక్క అది. కొత్త ఆటగాడి గంటలలో అత్యధిక భాగం అంతకు ముందే, పొలాల్లోనూ అడవుల్లోనూ ఒంటరిగా క్వెస్టులు (ఆట అప్పగించే పనులు) చేసుకుంటూ, అప్పుడప్పుడు ఐదుగురి జట్టుగా డంజన్‌కు (జట్టుగా చొరబడే శత్రు స్థావరానికి) వెళ్తూ గడిచిపోతుంది. చాలామంది ఆ రెయిడ్ గడప తొక్కకముందే ఆట మానేస్తారు. అందువల్ల నా సలహా ఏమిటంటే, మీకు ఆడటానికి దొరికే సమయం ఎలాంటిది, మీరు ఎవరితో ఆడతారు, పదిమందిలో ఎంత బాధ్యత మోయడానికి సిద్ధంగా ఉన్నారు అన్న మూడు ప్రశ్నలకు ముందుగా జవాబు చెప్పుకోండి. పట్టికలను ఆ తరువాత తెరవండి.

మీకు దొరికే సమయం

ఒకేసారి మూడు గంటలు కూర్చోగలిగేవారికీ, పిల్లలు నిద్రపోయాక దొరికే ముప్పావు గంటలో ఆడేవారికీ ఒకే క్లాసు సరిపోదు. క్లాసిక్‌లో ఐదుగురి జట్టును దానంతట అదే కూర్చే యంత్రాంగం లేదు. చాట్‌లో అడిగి మనుషులను పోగుచేసుకోవాలి, అందరూ డంజన్ దాకా కాలినడకన రావాలి, ఆపైన లోపలే గంట, రెండు గంటలు పడుతుంది. సమయం తక్కువగా ఉన్నవారు ఎక్కువగా ఒంటరిగానే ఆడవలసి వస్తుంది కాబట్టి, ఎవరి సాయమూ లేకుండా ముందుకు సాగే హంటర్, వార్లాక్, మేజ్ వారికి నప్పుతాయి. ఎప్పుడు లేచి వెళ్ళవలసి వస్తుందో తెలియని ఇళ్ళలో హంటర్ మరీ అనుకూలం. 30వ లెవెల్‌లో వచ్చే ఫెయిన్ డెత్‌తో చచ్చినట్టు పడిపోతే, మీదికి వచ్చిన మృగాలు సాధారణంగా వెనక్కి తిరిగిపోతాయి.

భారతదేశంలో ఉండి ఆడేవారు ఆలోచించవలసినవి మరో రెండున్నాయి. ఈ ఆటకు మన దేశంలో సర్వర్లు లేవు. హైదరాబాదు నుంచో విశాఖపట్నం నుంచో యూరప్ సర్వర్‌కు కలిస్తే పింగ్ (సంకేతం సర్వర్‌కు వెళ్ళి తిరిగి రావడానికి పట్టే సమయం) వంద మిల్లీసెకన్లు దాటుతుంది, అమెరికా సర్వర్‌కైతే అంతకంటే చాలా ఎక్కువ. శత్రువు వెనక్కి చేరి పొడవడం, మంత్రం పూర్తికాకముందే కిక్‌తో ఆపడం వంటి పనుల మీద ఆధారపడిన రోగ్‌కు ఆ ఆలస్యం బాగా తెలుస్తుంది. ముఖ్యంగా ఆటగాళ్ళ మధ్య పోరులో, తెర మీద పక్కనే కనిపిస్తున్న శత్రువు సర్వర్ లెక్కలో ఇంకా అందనంత దూరంలో ఉంటాడు. వార్లాక్ వేసే శాపాలు, వ్యాధులు ఒకసారి అంటుకుంటే వాటంతట అవే పనిచేస్తాయి కాబట్టి ఆ క్లాసుకు ఈ బాధ తక్కువ. రెండోది గడియారం. మధ్య యూరప్‌లో శీతాకాలం రాత్రి 8 గంటలంటే మనకు అర్ధరాత్రి 12.30. ఉద్యోగం చేసుకుంటూ వారానికి రెండు రాత్రులు ఆ వేళకు రెయిడ్‌లో కూర్చోవడం కష్టమని ముందే తెలిసినవారు, రెయిడ్‌లో మాత్రమే రాణించే క్లాసు కోసం ఒంటరి ప్రయాణంలో కష్టాలు పడనవసరం లేదు. అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి ఈ రెండు ఇబ్బందులూ లేవు కనుక వారు ఈ భాగాన్ని దాటేయవచ్చు.

ఒంటరిగా ఆడేటప్పుడు

ఏ క్లాసుతో ఒంటరిగా తిరగడం ఎలా ఉంటుందో పేరును బట్టి ఊహించుకుంటే పొరపాటు పడతాము. వారియర్ అన్న మాట వినగానే ఎవరికైనా ధీమాగా అనిపిస్తుంది; కాని లెవెళ్ళు పెంచుకోవడంలో అందరికంటే ఎక్కువ కష్టపడేది వారియరే. వెస్ట్‌ఫాల్ పొలాల్లో 14వ లెవెల్ వారియర్ ఒక డిఫయాస్ దొంగ మీదికి వెళ్ళడం చూడండి. దూరం నుంచి చార్జ్‌తో దూకితే కొద్దిగా రేజ్ (వారియర్ విద్యలకు ఖర్చయ్యే శక్తి) వస్తుంది. రెండ్ అనే రక్తం కార్చే దెబ్బ వేస్తే అది అయిపోతుంది. ఆ తరువాత దెబ్బ కొట్టినప్పుడో, తిన్నప్పుడో మాత్రమే రేజ్ పెరుగుతుంది కనుక, కొట్టిన దెబ్బ తగలకపోతే చేతిలో ఏమీ ఉండదు. దొంగ ప్రాణం అడుగంటగానే పారిపోతాడు. హామ్‌స్ట్రింగ్‌తో కాలు పట్టి ఆపకపోతే పక్కనున్న మరొకణ్ణి వెంటబెట్టుకొని వస్తాడు, ఇద్దరైతే చావు దాదాపు ఖాయం. గెలిచినా ఒంట్లో సగం ప్రాణమే మిగులుతుంది, తనను తాను బాగుచేసుకునే మంత్రమేదీ వారియర్‌కు లేదు కాబట్టి రొట్టె తింటూ అర నిమిషం దాకా నేల మీద కూర్చోవాలి. పైగా ఆయుధం పాతబడితే ఇవన్నీ మరింత నెమ్మదిస్తాయి. 30వ లెవెల్ నుంచి మొదలయ్యే వర్ల్‌విండ్ క్వెస్టును స్నేహితుల సాయంతో పూర్తిచేసి దాని బహుమతిగా వచ్చే గొడ్డలి సంపాదించినవారు ఒక్కసారిగా ఊపిరి పీల్చుకోవడానికి కారణం ఇదే.

అదే పొలంలో అదే లెవెల్ వార్లాక్ నడిచే తీరు పూర్తిగా వేరు. 10వ లెవెల్ క్వెస్టులో దొరికిన వాయిడ్‌వాకర్‌ను ముందుకు తోలి, కరప్షన్, కర్స్ ఆఫ్ అగనీ అనే శాపాలు వేసి, చేతికర్రతో (మంత్రదండంతో) కాల్చుకుంటూ నిలబడితే దెబ్బలన్నీ ఆ నీలి ఆకారమే తింటుంది. మానా (మంత్రాలకు ఖర్చయ్యే శక్తి) తగ్గితే లైఫ్ ట్యాప్‌తో తన ప్రాణంలోంచి తీసుకోవచ్చు. వార్లాక్ మోయవలసిన బరువు వేరే చోట ఉంది. మంచి మంత్రాలకు సోల్ షార్డులు కావాలి, వాటిని చస్తున్న శత్రువుల నుంచి పోగుచేసుకోవాలి, ఒక్కో షార్డు సంచీలో ఒక్కో గడిని ఆక్రమిస్తుంది. సంచీ సర్దుకోవడమంటే విసుగున్నవారు దీన్ని గుర్తుంచుకోవాలి. దానికి ప్రతిఫలంగా 40వ లెవెల్‌లో ఇతరులు దాదాపు 100 గోల్డ్ పెట్టి కొనుక్కునే గుర్రం వార్లాక్‌కూ పాలడిన్‌కూ క్లాసు ద్వారానే, దాదాపు ఉచితంగా వస్తుంది. ఆ దశలో వంద గోల్డ్ అంటే చాలామందికి వారాల సంపాదన.

మొదటిసారి ఆడేవారికి నేను నిస్సంకోచంగా సూచించేది హంటర్‌ను. 10వ లెవెల్‌లో మృగాన్ని మచ్చిక చేసుకోవడం నేర్చుకున్నాక ఒంటరితనం తగ్గుతుంది, దెబ్బలు తినేది ఆ మృగం, మీరు దూరం నుంచి బాణాలు వేస్తారు. దానికి ఇష్టమైన తిండి పెట్టకపోతే అలిగి కొంతకాలానికి వదిలిపోతుంది, బాణాలు లేదా తూటాలు కొనుక్కుంటూ ఉండాలి, శత్రువు మరీ దగ్గరికి వస్తే అటు విల్లూ పనికిరాక ఇటు కత్తీ అందక చిక్కుపడే ఇరుకు ఒకటుంది. ఇవన్నీ నేర్చుకోదగినవే. అయితే హంటర్ సులువు గనుక అందరూ హంటర్లే అవుతారు, వారిలో మృగాన్ని డంజన్‌లో అదుపులో పెట్టలేక జట్టును చంపేవారూ ఉంటారు. మీరు శ్రద్ధగా ఆడితే ఆ తేడాను జట్టు వెంటనే గమనిస్తుంది.

మేజ్‌కు పెట్ లేదు, ఒంటి మీద ఉన్నది వస్త్రమే. కాని ఫ్రాస్ట్ నోవాతో శత్రువు కాళ్ళను నేలకు అతికించి, నాలుగడుగులు వెనక్కి వేసి, మంచు బాణాలు వేసే లయ చేతికి అలవాటైతే అంతకంటే తృప్తినిచ్చే ఆట ఈ తొమ్మిదిలో లేదని నా అభిప్రాయం. తాగే నీరు, తినే రొట్టె స్వయంగా సృష్టించుకోవడం వల్ల ఖర్చు మిగులుతుంది, 20వ లెవెల్ నుంచి నగరాల మధ్య టెలిపోర్ట్, 40 నుంచి ఇతరుల కోసం పోర్టల్ తెరవగలగడం వల్ల డబ్బు కూడా వస్తుంది. ప్రతి జట్టూ నీళ్ళు అడుగుతుంది. అడిగినప్పుడు విసుక్కోకుండా ఇచ్చే మేజ్‌ను ఎవరూ మరచిపోరు.

రోగ్ గురించి క్లుప్తంగా చెబుతాను. నక్కి వెళ్ళడం, తాళాలు తీయడం, ఎవరితో ఎప్పుడు తలపడాలో తానే నిర్ణయించుకోవడం ఇష్టమైనవారికి ఇది తగినది, పింగ్ మంచిదైతేనే.

జట్టులో మీరు మోయగలిగే బాధ్యత

ఐదుగురి జట్టులో ఒకరు దెబ్బలు కాచుకునే ట్యాంక్, ఒకరు ప్రాణం పోసే హీలర్, మిగిలిన ముగ్గురు డ్యామేజ్ చేసేవారు. ఆ ముగ్గురి స్థానాల కోసం పోటీ ఎప్పుడూ ఎక్కువే. ట్యాంక్, హీలర్ కోసం జట్లే వెతుక్కుంటాయి. అందువల్ల డంజన్లు ఎక్కువగా చేయాలనుకునేవారు ఈ రెండు పనులలో ఒకటి చేయగల క్లాసు తీసుకుంటే ఎదురుచూపు చాలావరకు తప్పుతుంది. ఇక్కడే వారియర్ కష్టానికి ఫలితం దక్కుతుంది. డంజన్ల వరకు, టాలెంట్లు (లెవెళ్ళతో వచ్చే పాయింట్లతో ఎంచుకునే ప్రత్యేక నైపుణ్యాలు) ఎటు పెట్టుకున్నా, డాలు పట్టుకొని డిఫెన్సివ్ స్టాన్స్‌లో నిలబడితే వారియర్ ట్యాంక్‌గా సరిపోతాడు. ట్యాంక్ ముందు నడుస్తాడు కాబట్టి దారి తెలియాలని, తప్పు చేస్తే అందరూ చూస్తారని కొత్తవారు జంకుతారు. ‘ఇది నాకు కొత్త డంజన్’ అని మొదట్లోనే చెప్పి, ఏ శత్రువును ముందు కొట్టాలో పుర్రె గుర్తు పెట్టి, హీలర్ మానా చూసుకుంటూ నిదానంగా నడిచే ట్యాంక్‌ను తిట్టే జట్లు అరుదు.

హీలర్ పని బయటికి కనిపించినంత నిష్క్రియమైనది కాదు. ప్రీస్ట్‌నే తీసుకోండి. మానా ఖర్చయ్యే మంత్రం వేసిన తరువాత ఐదు సెకన్ల పాటు స్పిరిట్ అనే గుణం వల్ల వచ్చే మానా ఆగిపోతుంది. ఆ ఐదు సెకన్లు ఏమీ వేయకుండా ఉండగలిగితే మళ్ళీ ఊరడం మొదలవుతుంది. ట్యాంక్ ప్రాణం సగానికి దిగుతున్నప్పుడు ఇప్పుడే చిన్న హీల్ వేయాలా, ఇంకో దెబ్బ చూసి పెద్దది వేసి ఐదు సెకన్లు చేతులు కట్టుకోవాలా అన్న లెక్క ప్రతి పోరులోనూ తలలో నడుస్తూనే ఉంటుంది. అందుకే అనుభవం ఉన్న హీలర్లు పై ర్యాంకు మంత్రం వచ్చినా కింది ర్యాంకులను తెర మీద మంత్రాలుండే బార్ నుంచి తీసేయరు. తక్కువ మానాతో తక్కువ ప్రాణం పోయడానికి అవి అవసరం. ఇలాంటి లెక్కలంటే ఉత్సాహం కలిగేవారు నిస్సందేహంగా ప్రీస్ట్ తీసుకోవచ్చు. ఒంటరిగా కూడా ప్రీస్ట్ ఆశ్చర్యం కలిగించేంత బాగా సాగుతుంది. ఒంటికి షీల్డ్ వేసుకొని, షాడో వర్డ్ పెయిన్ అంటించి, మిగతాది చేతికర్రతో కాల్చి ముగించవచ్చు. స్పిరిట్ టాప్ అనే టాలెంట్ ఉంటే ప్రతి చావుతోనూ మానా ఊరడం వేగవంతమవుతుంది.

అన్నీ చేయగల క్లాసుల గురించి ఒక హెచ్చరిక

పాలడిన్, షామన్, డ్రూయిడ్ మూడూ చదవడానికి చాలా ఆకర్షణీయంగా ఉంటాయి. కొట్టగలవు, కాచుకోగలవు, ప్రాణం పోయగలవు. దారి పొడవునా ఈ మాట నిజమే. కాని 60వ లెవెల్‌లో రెయిడ్‌కు వెళ్తే చాలా గిల్డులు (కలిసి ఆడే ఆటగాళ్ళ సంఘాలు) వీరిని హీలింగ్ చేయమంటాయి. అది గిల్డుల మొండితనం కాదు, ఆట నిర్మాణంలోనే కారణాలున్నాయి. 2019లో తెరిచిన క్లాసిక్‌లో శత్రువు మీద ఒకేసారి 16 డీబఫ్‌లు (శత్రువును బాధించే, బలహీనపరిచే మంత్ర ప్రభావాలు) మాత్రమే నిలిచేవి, పదిహేడోది వస్తే ఒకటి రాలిపోయేది. 40 మంది ఉన్నచోట ఆ 16 గడులను ఎవరికి ఇవ్వాలో గిల్డ్ లెక్కవేసేది, అందువల్ల డ్యామేజ్ చేసే షాడో ప్రీస్టులకు కూడా ఒకటి రెండు చోట్లకు మించి దొరికేవి కావు. పాలడిన్‌కు శత్రువును తనవైపు తిప్పుకునే టాంట్ అనే సామర్థ్యమే లేదు కాబట్టి పెద్ద రెయిడ్‌లో ట్యాంక్‌గా నిలవడం చాలా కష్టం. కత్తి పట్టిన పాలడిన్‌గానే చివరిదాకా ఉండాలని మీ కోరికైతే, దాన్ని అర్థం చేసుకొనే చిన్న గిల్డ్‌ను ముందే వెతుక్కోండి. దొరుకుతాయి, కాని వెతకాలి.

హీలింగ్ చేయడానికి మీకు అభ్యంతరం లేకపోతే ఈ మూడింటిలో ఏది తీసుకున్నా స్వాగతమే ఉంటుంది. షామన్ 30 దాటాక నేర్చుకునే విండ్‌ఫ్యూరీ టోటెమ్ (నేల మీద నాటే మంత్రస్తంభం) తన ఐదుగురి గ్రూపులో ఉన్న వారియర్లు, రోగ్‌ల దెబ్బలను ఎంతగానో పెంచుతుంది, ఆ ఒక్క టోటెమ్ కోసమే షామన్‌ను పిలిచేవారున్నారు. డ్రూయిడ్ 10వ లెవెల్‌లో ఎలుగుబంటిగా, 20లో పిల్లిగా, 30లో వేగంగా పరుగెత్తే మృగంగా మారుతుంది. గుర్రం కొనే స్తోమత రాకముందే ఆ పరుగు రావడం పెద్ద మేలు. పోరు మధ్యలో చనిపోయినవారిని లేపగలిగేది డ్రూయిడ్ ఒక్కటే, కాని పోరు ముగిశాక మామూలుగా లేపే మంత్రం దానికి లేదు. ఐదుగురి డంజన్‌లో డ్రూయిడ్ ఒక్కడే హీలర్ అయితే చనిపోయినవారు శ్మశానం నుంచి నడిచి రావలసి వస్తుందన్నది జట్టుకు ముందే చెప్పడం మంచిది.

పక్షం, జాతి

అలయన్స్, హోర్డ్ అనే రెండు పక్షాలలో మీ స్నేహితులు ఎటు ఉన్నారో అటే వెళ్ళాలి, ఎదుటి పక్షంతో మాట్లాడటం కూడా కుదరదు. పాలడిన్ అలయన్స్‌లో మాత్రమే, షామన్ హోర్డ్‌లో మాత్రమే ఉంటాయి. డ్రూయిడ్ కావాలంటే అలయన్స్‌లో నైట్ ఎల్ఫ్, హోర్డ్‌లో టారెన్ తప్ప దారి లేదు. మిగతా క్లాసులకు జాతి విషయంలో కొంత స్వేచ్ఛ ఉంది. కత్తులు, గదలు వాడటంలో మానవులకూ, గొడ్డళ్ళు వాడటంలో ఆర్క్‌లకూ ఉన్న 5 పాయింట్ల అదనపు నైపుణ్యం రెయిడ్ బాస్‌ల మీద వారియర్‌కు బాగా కలిసివస్తుంది; భయం నుంచి కాపాడే ఫియర్ వార్డ్ డ్వార్ఫ్ ప్రీస్టుకే ఉంది. ఇవి తెలిసి ఉండటం మంచిదే గాని, మొదటి పాత్రకు వాటికోసం నచ్చని రూపాన్ని భరించమని నేను చెప్పను. వందల గంటలు తెర మీద ఆ వీపునే చూస్తూ ఉంటారు.

హార్డ్‌కోర్ సర్వర్లలో, అంటే ఒక్కసారి చనిపోతే పాత్ర శాశ్వతంగా ముగిసే చోట, లెక్క కొంత మారుతుంది. అక్కడ తప్పించుకునే మార్గాలున్న క్లాసు కావాలి. ఫెయిన్ డెత్ ఉన్న హంటర్, ఏ దెబ్బా తగలని కవచం వేసుకోగల పాలడిన్, శత్రువును గడ్డకట్టించి దూరం జరగగల మేజ్ నిలబడతాయి. మొదటి ప్రయత్నానికే అక్కడ వారియర్ తీసుకోవద్దు.

పరీక్షించి చూడటం

ఇంత చదివాక రెండు మూడు క్లాసుల మధ్య ఊగిసలాట మిగిలితే, వాటన్నిటినీ తయారు చేసి ఒక్కోదాన్ని 10వ లెవెల్ దాకా ఆడండి. కొన్ని సాయంత్రాల పని. కాని 10 దగ్గర కనిపించే ఆట అన్ని క్లాసులకూ సమానంగా నిజం చెప్పదు. హంటర్‌కు అప్పటిదాకా పెట్ ఉండదు కనుక దాన్ని 12 దాకానైనా ఆడాలి. డ్రూయిడ్‌ను పిల్లి రూపం వచ్చే 20 దాకా చూడకుండా తీసిపారేయకండి. అందుకు విరుద్ధంగా పాలడిన్ 10వ లెవెల్‌లో ఎలా ఉంటుందో, సీల్ అనే మంత్రం వేసుకొని నిలబడి కొట్టడంలో, 40లోనూ దాదాపు అలాగే ఉంటుంది. ఆ నిదానం ఇప్పుడే విసుగనిపిస్తే తరువాత మారుతుందని ఆశ పెట్టుకోవద్దు. ఒక పాత్రను ఆడుతున్నప్పుడు మరోదాన్ని సత్రంలో పడుకోబెట్టి లాగవుట్ అయితే దానికి విశ్రాంతి అనుభవం జమ అవుతుంది, తిరిగి వచ్చినప్పుడు శత్రువులను చంపితే వచ్చే అనుభవం కొంతకాలం రెట్టింపుగా ఉంటుంది. అందువల్ల రెండు పాత్రలను మార్చి మార్చి ఆడటం వల్ల నష్టం అనుకున్నంత ఉండదు.

పరీక్షించేటప్పుడు గెలిచిన పోరుల కంటే వాటి మధ్య గడిచే సమయాన్ని గమనించండి. కూర్చొని తినడం, షార్డులు పోగుచేయడం, పెట్‌కు తిండి పెట్టడం, విషాలు కలుపుకోవడం, ఇతరులకు ఐదేసి నిమిషాలకు ఆశీర్వాదాలు వేయడం వంటి పనులలో ఏది మీకు భారం అనిపించలేదో చూడండి. 60 దాకా ప్రతి రోజూ చేయవలసింది అదే. 10వ లెవెల్‌లో మొదటి టాలెంట్ పాయింటు వచ్చినప్పుడు మాత్రం ఎక్కువ ఆలోచించవలసిన పని లేదు. క్లాసులా కాకుండా టాలెంట్లను ట్రైనర్ దగ్గర మొదటిసారి ఒక్క గోల్డ్‌కే తుడిచి మళ్ళీ పెట్టుకోవచ్చు. ప్రతిసారీ ధర పెరుగుతూ 50 గోల్డ్ దాకా వెళ్తుంది కనుక, ఆ మొదటి సవరణను 40వ లెవెల్ దాటేదాకా దాచుకోవడం మంచిది.